తంతి లేని విల్లు మోగిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ సంగతి రాయడం మొదలుపెట్టిన ఈ నిమిషానికి కూడా లేదు. నేను సిడ్నీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. "నిన్న సిస్టమ్ తనంతట తానే ఏదో చేసింది" అని ఎవరైనా వస్తే, "మళ్ళీ చేసి చూపించండి, అప్పుడు నమ్ముతా" అనడం నా ఉద్యోగం. ఇంట్లోనూ ఇంతే. తలనొప్పి అంటే చాలు, ఎప్పటినుంచి, ఏ వైపు అని ఆరా తీస్తానని మా ఆయన గోల.

అలాంటి నాకు పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తుండగా జరిగిందిది. నాతోపాటు ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళిద్దరిలో ఒకరికి తెలుగు ముక్క రాదు, మా ఇంటి కథ అసలే తెలీదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేం దూదేకులవాళ్ళం, నరసరావుపేట దగ్గర. పేర్లు సాయిబుల పేర్లు, మాట తెలుగు. దూది ఏకి పరుపులు కుట్టడం తాతల నాటి పని. మనిషంత పొడుగు విల్లు ఉంటుంది. దానికి గొర్రె పేగుతో పేనిన తంతి. ఆ తంతిని దూదికి ఆనించి కొయ్య పిడితో కొడితే టుంయ్, టుంయ్ అని మోగుతుంది. ఉండకట్టిన దూది విడిపోయి పైకి లేస్తుంది. చిన్నప్పుడు ఆ మోత వింటూ నిద్రపోయినదాన్ని. దాన్ని ఇంకో శబ్దం అనుకుని పొరబడే ప్రశ్నే లేదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. విల్లు మగవాళ్ళది. ఆడవాళ్ళు పరుపు పైగుడ్డ గలేబు కుట్టొచ్చు, దూది కదలకుండా టాకాలు వెయ్యొచ్చు, బస్తాలు మొయ్యొచ్చు. విల్లు మాత్రం ముట్టకూడదు. ఎందుకని అడిగితే "ముట్టకూడదంతే" అనేవాళ్ళు. మోసే బస్తా బరువుకి రాని అభ్యంతరం విల్లుకెందుకొచ్చిందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ కట్టుబాటు దాటిన ఒకే ఒక్క మనిషి మా ముత్తవ్వ హుస్సేనమ్మ. దాటింది మా ఊళ్ళో కాదు, ఆస్ట్రేలియాలో.

ఆవిడ చెప్పిన కథ ఇది. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. కొడుకుని తల్లి దగ్గర వదిలి మద్రాసులో ఒక దొర ఇంట్లో ఆయాగా చేరింది. ఆ దొర కుటుంబంతో ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చింది, దారిలో పిల్లల్ని చూసుకోవడానికి ఇంకో మనిషి లేక. తీరా వచ్చాక పిల్లల్ని బడిలో వేశారు, ఈవిడతో పని తీరిపోయింది. తిరుగు ఓడ ఎక్కిస్తామన్న మాట మాటగానే మిగిలిపోయింది. "ఈడా వాళ్ళ రాజ్యమే, ఆడా వాళ్ళ రాజ్యమే. నేనెవరి మనిషినని అడిగినోడు మాత్రం యాడా లేడు" అనేదట.

ఏడుస్తూ కూర్చోలేదు మా ముత్తవ్వ. తల దాచుకున్న చోట ఉన్నిపరుపు ఒకటి గడ్డలు కట్టి ఉంది. పడుకుంటే వీపు కింద గులకరాళ్ళే. వాళ్ళ నాన్న పని చిన్నప్పటినుంచీ చూసిన కళ్ళు ఆవిడవి. ఒక వడ్రంగిని పట్టుకుని, నేల మీద బొగ్గుతో గీసి చూపించి, విల్లు చేయించుకుంది. గొర్రెల దేశం, తంతికి కరువేముంది. ఆ విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ, ఊరూరికీ తిరిగింది. మన పంజాబీలు, కాబూలీలు సరుకులమ్ముకునే బండ్ల మీద కొంత దూరం, కాలినడకన కొంత దూరం. కుక్కల్ని ఉసిగొలిపినవాళ్ళున్నారు. ఎవరు నువ్వు, ఎక్కడికని పోలీసులు ఆపిన రోజులున్నాయి. ఆవిడ విల్లు దించి, అక్కడికక్కడే కొట్టి చూపించేదట. చివరికి ఓడ ఛార్జీలు తనే కూడబెట్టుకుని, తలెత్తుకుని, ఒంటరిగా ఇంటికొచ్చింది.

వస్తే ఎవరూ నమ్మలేదు.

ఆడది సముద్రం దాటిందట, విల్లు పట్టిందట! మరి ఆ విల్లేదన్నారు. చివరగా పని చేసిన ఇంటి దొరసాని ముచ్చటపడి అడిగితే ఇచ్చేశానని చెప్పింది. ఓడలో అంత పొడుగు సామాను తేవడం కూడా కష్టమేనట. జనం నవ్వారు. అన్నాళ్ళూ మద్రాసులోనే ఎక్కడో ఉండి వచ్చిందన్నారు. ఆ "ఎక్కడో" అన్న మాటని ఎలా పలికేవాళ్ళో మీరే ఊహించుకోండి. మా ఇంట్లో ఎవరైనా గొప్పలు పోతే "హుస్సేనమ్మ ఆస్ట్రేలియా చెప్పకు" అనడం సామెత అయిపోయింది. నేనూ అన్నాను, చాలాసార్లు.

ఆవిడ చేతుల్లో పెరిగింది మా మేనత్త నాగూర్‌బీ. అత్తకి కుదిరిన మొదటి సంబంధం ఆ "ఎక్కడో" మాట మీదే తప్పిపోయింది. అయినా తన నాయనమ్మ చెప్పింది నిజమనే అంటుంది. ఎనభై దాటినా అదే మాట, అదే కోపం.

పోయిన సంవత్సరం అత్త విజిటర్ వీసా మీద సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంటికి వచ్చింది. దిగిన మర్నాడే అడిగింది. "ఊరి మధ్యలో గడియారం ఉండే ఊరు, దానికి బండి మీద ఒక పూట దూరంలో నాయనమ్మ విల్లు ఇచ్చేసిన తెల్లిల్లు, చుట్టూ వరండా. తీసుకుపోతావా లేదా?"

ఈ దేశంలో ఊరి మధ్యలో గడియారం లేని ఊరు వెతకడం కష్టం. ఇక చుట్టూ వరండా ఉన్న తెల్లిల్లు అంటే, సంతలో తప్పిపోయిన మేకని "తెల్లగా ఉంటుంది" అని వెతికినట్టే. ఆ మాటే అత్తతో అన్నాను. అయినా వదల్లేదు. తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి ఒక శనివారం బ్లూ మౌంటెన్స్ దాటి అవతల గొర్రెల ఊళ్ళవైపు తీసుకెళ్ళాను. పిల్లలకి క్రికెట్ ఉందని మా ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు.

రెండు మూడు ఊళ్ళు తిరిగాం. గడియారాలు చూశాం. మ్యూజియంలో కూర్చున్న పెద్దమనుషుల్ని అడిగాను, వాళ్ళు మర్యాదగా తల అడ్డంగా ఊపారు. అత్త మొహం చిన్నబోయింది. మధ్యాహ్నానికి వెనక్కి తిరిగాం. దారిలో ఒక చెట్టు నీడన కారు ఆపి, ఫ్లాస్కులో టీ కప్పుల్లో పోశాను. చుట్టూ ఎండిన గడ్డి, కంచె, దూరంగా గొర్రెలు. ఆకు కదలడం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అత్తకి చెవుడు. చెవి మెషిన్ బ్యాటరీ పొద్దున్నే అయిపోతే తీసి సంచిలో పడేసింది. పొద్దుటినుంచీ నేను ప్రతి మాటా అరిచి చెబుతున్నాను.

అలాంటి మనిషి కప్పు కింద పెట్టేసి తలెత్తింది.

"విల్లు కొడుతున్నారు" అంది.

నాకేం వినపడలేదు. పాపం, ఆశ కొద్దీ అంటోందనుకున్నాను. ఏదో సర్దిచెప్పబోయి నోరు తెరిచాను. అప్పుడు వినపడింది.

టుంయ్. ఆగి, మళ్ళీ టుంయ్. తర్వాత ఆగకుండా, వరసగా, చెయ్యి తిరిగిన మనిషి కొట్టినట్టు. నరసరావుపేటలో మా ఇంటి ముందరి గది ఈ ఎండలో, ఈ పొలాల మధ్య నా పక్కకి వచ్చి కూర్చున్నట్టయింది.

అత్త అప్పటికే కారెక్కింది. "తోలవే షకీలా, ఆగిపోద్ది!"

అద్దాలు దించి మెల్లగా పోనిచ్చాను. కొంచెం ముందుకెళ్ళాక ఎడమవైపు మట్టిరోడ్డు, దాని మొదట్లో పాత బంగళా చూడొచ్చని చెప్పే చిన్న బోర్డు. లోపలికి మళ్ళాం. మళ్ళేదాకా మోగుతూనే ఉంది. చెట్లు దాటి ఇల్లు కనపడగానే ఆగిపోయింది. తెల్లిల్లు. చుట్టూ వరండా.

తెల్లజుట్టున్న ఒకావిడ గబగబా మెట్లు దిగి వచ్చింది. పేరు జూన్. ఆ ఇల్లు చూపించేది ఆవిడే. హలో కూడా అనకుండా ఆవిడ అడిగిన మొదటి మాట: "మీలో ఎవరు వాయిస్తున్నారు అది? బాంజోనా?"

మా కారులో పాటలు కూడా పెట్టలేదు. ఆ మాటే చెప్పాను. జూన్ మా ఇద్దర్నీ, కారునీ, ఖాళీ దారినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో అప్పుడు తను తప్ప ఇంకెవరూ లేరట.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. హాల్లో గోడ మీద, పాత తుపాకీకీ దొరగారి ఫోటోకీ మధ్య, మనిషంత విల్లు వేలాడుతోంది. కింద చీటీలో తూర్పుదేశపు సంగీత వాయిద్యం అని రాసుంది. అది చదివి అత్తకి చెబితే, అంత కంగారులోనూ పకపకా నవ్వింది. "వాయిద్యమంట! దీంతో కచేరీ చేసినోళ్ళని ఒక్కర్ని చూపించమను."

దగ్గరికెళ్ళి చూశాను. విల్లుకి తంతి లేదు. తంతి కట్టే గాటు దగ్గర దుమ్ము పేరుకుని గట్టిపడి ఉంది. తను చిన్నపిల్లగా ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ దానికి తీగ ఉండగా చూడలేదని జూన్ చెప్పింది. మరి ఇప్పుడు మోగిందేంటి అని నన్ను అడిగింది.

అత్త గోడ పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. కానీ నా బుర్ర నా బుర్రే. నరసరావుపేటలో ఉన్న మా అన్నయ్య మస్తాన్‌కి వీడియో కాల్ చేశాను. పరుపుల కొట్టు ఇప్పుడు వాడిదే, ఫోమ్ అమ్ముతాడు. విల్లు చూసి వాడన్న మాట నేనూ అనుకున్నదే. "సరుకులమ్మే సాయిబు ఎవడో వదిలేసి ఉంటాడు. అది ముత్తవ్వదని ఏంది గ్యారంటీ?"

ఆ మాట నేను అత్త చెవిలో అరిచి చెబితే, కళ్ళు తుడుచుకుంది. "ఆమెనడుగు, ఈ ఇంట్లో పాతకాలం పరుపుందా?"

ఉందట. లోపలి పడకగదిలో పెద్ద మంచం మీద, మొదటినుంచీ ఉన్నదే, ఎవరూ విప్పలేదట. గుమ్మం దగ్గర నేను అత్తని ఆపాను. ముందు చెప్పించుకోకుండా చూస్తే అది పరీక్ష కాదు. "ఏం కనపడాలో ముందే చెప్పు అత్తా, అన్నయ్య వినేలా చెప్పు."

అత్త గట్టిగా చెప్పింది. "మా నాయనమ్మ కుట్టిన పరుపుకి తలవైపు మూల ఎర్రదారంతో కోడికాలు కుట్టుంటది. తలెట్టుకునే చోట కాళ్ళు పెట్టకుండా గుర్తు. అది ఆమె పెట్టుకున్న గుర్తు, ఇంకెవరూ కుట్టరు."

జూన్ దిండు తీసి, దుప్పటి మడిచి, తలవైపు రెండు మూలలూ చూపించింది. తెల్లటి గలేబు మీద నీలం చారలు. నున్నగా ఉంది. కోడికాలు లేదు, కోడి ఈక కూడా లేదు.

ఫోన్లో అన్నయ్య వెక్కిరించలేదంటే జాలిపడ్డాడని అర్థం. నాకు అత్త మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఇంత దూరం తీసుకొచ్చి మళ్ళీ ఓడించానే అనిపించింది.

అత్త మాత్రం పరుపు మీద చెయ్యి వేసి మెల్లగా తడుముతూ మంచం చుట్టూ నడిచింది. కాళ్ళవైపు వెళ్ళి నిలబడింది. టాకాల వరస ఎటునుంచి మొదలైందో వేళ్ళతో చూసింది. తర్వాత జూన్ వైపు తిరిగి, ఆవిడకి తెలుగు రాదని కూడా మర్చిపోయి, తిట్టినంత పని చేసింది. "తిప్పేశారు కదమ్మా పరుపుని! తలవైపు కాళ్ళు పెట్టుకుని పడుకుంటున్నారా ఇన్నాళ్ళూ?"

కాళ్ళవైపు దుప్పటి ఎత్తాం. కుడి మూలలో, వెలిసి ఇటుక రంగుకి దిగిన ఎర్రదారంతో, మూడు వేళ్ళ కోడికాలు.

నేను అరిచాను. సిగ్గు లేకుండా, గట్టిగా, పరాయివాళ్ళింట్లో అరిచాను. జూన్‌కి విషయం అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టేసింది. అత్త ఫోన్ లాక్కుని కెమెరాని కుట్టు మీద ఆనించింది. "చూడరా మస్తానూ! బాగా చూడు! మద్రాసులో ఎక్కడో కుట్టిందా ఇది?"

అన్నయ్య మొహం ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూశాడు. చివరికి, "మన కొట్లో నాన్న పడుకున్న పరుపుకి కూడా ఇట్టానే ఉంది" అన్నాడు.

జూన్‌కి అప్పుడు కథంతా చెప్పాను, మొదటినుంచి. ఆవిడ వరండాలో కూర్చుని విన్నది. ఆ ఇంటి మొదటి దొరసాని గురించి అక్కడ ఒక మాట చెప్పుకునేవాళ్ళట. ఒక నల్ల ఆడమనిషి వచ్చి పరుపు బాగుచేశాకే ఆవిడకి కంటినిండా నిద్రపట్టిందని. ఆ మనిషి పేరు ఎవరికీ తెలీదు. అత్త పేరు చెప్పింది. ఒక్కో అక్షరం పలికించి, జూన్ నోట సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. ఆ సాయంత్రమే జూన్ పాత చీటీ తీసేసి కొత్తది పెట్టింది. హుస్సేనమ్మ విల్లు. ఈ విల్లుతో ఈ దేశంలో ఊరూరూ తిరిగి, తన చేతి పనితో ఇంటికి చేరిన మనిషిది.

ఇక ఆ శబ్దం సంగతి. తర్వాత వారం మళ్ళీ వెళ్ళాం. ముందుగా అదే చెట్టు కింద, అదే వేళకి కారు ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చున్నాను. ఏమీ లేదు. కంచె తీగలు గాలికి మోగుతాయేమోనని వాటిని లాగి చూశాను, వేరే మోత. పైగా మొదటిసారి విన్న రోజు అసలు గాలే లేదు. నీళ్ళ మోటారేమో అని జూన్‌ని అడిగితే, దాన్ని వేసి వినిపించింది, అదీ కాదు. పోనీ, నేను భ్రమపడ్డాననుకుందాం. నా భ్రమ జూన్ చెవిలో ఎలా పడింది? మెషిన్ లేకపోతే ఇంటి కాలింగ్ బెల్లు కూడా వినపడని అత్తకి నాకంటే ముందు ఎలా వినపడింది? నా ఉద్యోగంలో ఇలాంటివాటిని కారణం తేలలేదు అని రాసి పక్కన పెడతాం. అలా రాయడం నాకు ఎప్పుడూ నచ్చదు. దీనికి ఇంకేం రాయాలో ఇప్పటికీ తెలీదు.

ఈ విషయంలో అత్తకి నా బాధ లేదు. "దయ్యమైతే మాత్రం ఏంది? సాక్ష్యం చెప్పింది కదా" అంది.

ఆ రెండోసారి వెళ్ళినప్పుడు నేను ఒక పని చేశాను. టెన్నిస్ బ్యాట్లు అల్లే కొట్లో పేగు తీగ దొరుకుతుంది. అది కొని పట్టుకెళ్ళాను. ఈసారి అత్త చెవి మెషిన్‌లో కొత్త బ్యాటరీ కూడా ఉంది. అత్త వరండాలో గొంతుక్కూర్చుని, నాలుగు పోగులు కలిపి పేని, నాయనమ్మ విల్లుకి తనే తంతి కట్టింది. జూన్ పక్కింటి రైతు దగ్గర బుట్టెడు ఉన్ని తెచ్చింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా చుట్టూ మూగారు. ఫోన్లో అన్నయ్య, వాడి వెనక వదిన, కొట్లో పనివాళ్ళు, వీధిలో సగం మంది.

హుస్సేనమ్మ తలుపేసుకుని చీపురుకట్టతో అత్తకి పట్టు నేర్పించిందట. నిజం విల్లు ముట్టుకోవడం అత్తకి అదే మొదటిసారి.

పిడి ఎత్తగానే అన్నయ్య "అత్తా, మన ఇంట్లో ఆడవాళ్ళు..." అని మొదలుపెట్టి, ఏమనుకున్నాడో ఆగిపోయాడు. మొదటి దెబ్బ తప్పింది. రెండోది చప్పగా తగిలింది. మూడో దెబ్బకి తంతి మోగింది. ఉన్ని పొగలా లేచి అత్త జుట్టు మీద, కళ్ళద్దాల మీద, జూన్ గౌను మీద పడింది. జనం ఈలలు వేశారు. కాసేపటికి ఫోన్లోంచి మెల్లగా వినపడింది. "పిడి ఇంకాస్త కిందకి పట్టుకో అత్తా, మోత బాగొస్తది."

"నువ్వు ఫోమ్ అమ్ముకోరా" అంది అత్త, కిందకే పట్టుకుంటూ.

నేను పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను. "ఆ రోజు మనం విన్నది ఈ మోతేనా?"

అత్త ఆగింది. మోకాలి మీది ఉన్ని దులుపుకుంది.

"కాదే. అది చేసి చేసి చెయ్యి తిరిగినోళ్ళ దెబ్బ. నాది ఇప్పుడే గదా మొదలైంది" అని మళ్ళీ పిడి ఎత్తింది.